నాటి ఆటలు, నేటి సాక్ష్యాలు

పల్నాటి వీరుల కథలో కోడిపందెం ఘట్టం తెలియని తెలుగువారు అరుదు. బ్రహ్మనాయుడి పక్షం కోడి ఓడింది. నాయకురాలు నాగమ్మ మోసం చేసిందని కొందరు, ఓడినవారు ఒడంబడిక పాటించక తప్పదని మరికొందరు వాదించారు. పన్నెండవ శతాబ్దం నాటిదని చెప్పే ఆ పందెం తీర్పు ఇంకా తేలలేదు. అప్పుడు మధ్యవర్తిగా నిలిచినవాడెవరో గాని, ఆయన్ను తిట్టేవారు నేటికీ ఉన్నారు! గతించిన ఆటను మళ్ళీ మళ్ళీ మాటలలో ఆడుకోవడం మనకు కొత్త కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

జనగామలోనైనా, మహబూబాబాదులోనైనా, భూపాలపల్లి గనుల కాలనీలలోనైనా అసర్ నమాజు తరువాత చాయ్ హోటలు బల్లల వద్ద కూర్చునే పెద్దలను కదిలించి చూడండి. ఎనభై ఏళ్ళ వృద్ధుడు కూడా ఫుట్‌బాల్ మాట వినగానే నిటారుగా కూర్చుంటాడు. "రహీం సాబ్ జమానా వేరు బేటా" అని మొదలుపెడతాడు. పక్కనున్నాయన వెంటనే అడ్డుపడతాడు. ఆ గోలు కొట్టింది ఫలానావాడు కాదంటాడు. చాయ్ చల్లారిపోతుంది. మన విద్యార్థులు పక్క బల్ల వద్ద చరవాణిలో తల దూర్చి కూర్చుంటారు. ఈ వ్యాసం ఆ రెండు బల్లల మధ్య దూరాన్ని గురించినది.

ఆ పెద్దలు గర్వించడంలో అతిశయోక్తి లేదు. 1909లో హైదరాబాదులో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1950 నుంచి 1963లో మరణించేవరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచింది. 1950లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడా తెచ్చింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే రోజులలో ఇది సామాన్యమైన విషయం కాదు. రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో బంగారు పతకం గెలుచుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి, చివరకు నాలుగవ స్థానం పొందింది.

పెద్దల నోట అన్నిటికంటె ఎక్కువగా వినిపించేది 1962 జకార్తా. ఆ సంవత్సరం ఆతిథ్య దేశమైన ఇండోనేషియా, ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఆసియా క్రీడలకు రానీయలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలనే పేరుతో గుర్తించరాదని మన దేశపు క్రీడాధికారి గురుదత్ సోంధీ వాదించాడు. స్థానికుల ఆగ్రహం మన ఆటగాళ్ళపైకి మళ్ళింది. సెప్టెంబరు 4న జరిగిన తుది పోటీలో మైదానమంతా మనకు ప్రతికూలం. ఎదుట ఉన్నది అంతకుముందు గ్రూపు దశలో మనను 2-0 తో ఓడించిన దక్షిణ కొరియా. థాయిలాండుతో ఆడినప్పుడు తలకు గాయమైన జర్నైల్ సింగ్‌ను రహీం రక్షణ పంక్తి నుంచి తప్పించి ముందు పంక్తిలో నిలిపాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైలే మరొక గోలు కొట్టారు. 2-1 తో గెలిచాము. కుట్లు ఆరని ఒకరు, పదని మరొకరు చెబుతారు. గాయపడిన తలతోనే బంతిని గోలులోకి కొట్టాడని కొందరి ఉవాచ. ఆ రోజు స్టేడియంలో మన జట్టును ప్రోత్సహించినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని మరికొందరి కథనం.

వినడానికి ఇంపుగా ఉన్న ప్రతి మాటా నిజమవుతుందా? ఇక్కడే నాకు పెద్దలతో కొంత పేచీ ఉంది. 1950 ప్రపంచ కప్పు కథ తీసుకోండి. బూట్లు లేకుండా ఆడనివ్వమన్నారు గనుకనే భారతదేశం బ్రెజిల్ వెళ్ళలేదని మన ప్రాంతంలో చదువుకున్నవారు సైతం చెబుతారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవారిలో చాలామంది ఉత్త కాళ్ళతో ఫ్రాన్స్‌తో పోరాడి 2-1 తో ఓడిన మాట వాస్తవమే. కాని ప్రపంచ కప్పుకు పోకపోవడానికి కారణం వేరు. పోటీపడవలసిన దేశాలు విరమించుకున్నందున మనకు అవకాశం చేతికి వచ్చింది. ఖర్చులో చాలా భాగం భరిస్తామని బ్రెజిల్ వారు ముందుకు వచ్చారు. అయినా ప్రయాణం దూరమని, సాధనకు వ్యవధి లేదని, ఎంపికలో భేదాభిప్రాయాలున్నాయని మన సమాఖ్యే వెనుకంజ వేసింది. ఆనాటి నిర్వాహకుల దృష్టిలో ఒలింపిక్సే గొప్పవి. నేరం పరాయివారిపై పడుతుంది గనుక బూట్ల కథ మనకు ప్రియమైనది. రెండు సంవత్సరాల తరువాత హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తో ఓడిన సంగతిని మాత్రం ఏ చాయ్ హోటలులోనూ ఎవరూ ఎత్తరు.

హదీసు శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. మాట ఎంత మంచిదైనా, దానిని ఎవరు చెప్పారు, ఆయన ఎవరి వద్ద విన్నాడు, వారిద్దరూ కలుసుకునే అవకాశం ఉన్నదా అని వరుసగా పరిశీలిస్తారు. ఆ పరంపరకు ఇస్నాద్ అని పేరు. ధార్మిక విషయాన్ని ఆటల స్థాయికి దించుతున్నానని ఎవరూ భావించరాదు. ఆ మహనీయులు నేర్పిన జాగ్రత్తలో వెయ్యవ వంతు మన కబుర్లకు వినియోగించినా చాలునని మాత్రమే నా మనవి. కళ్ళారా చూసినదొకటి, రేడియోలో విన్నదొకటి, మరుసటి రోజు ఉర్దూ పత్రికలో చదివినదొకటి. అరవై ఏళ్ళలో ఈ మూడూ ఒకే జ్ఞాపకంగా కలిసిపోయాయి. వాటిని విడదీసి అడిగేవారు లేరు.

ఇప్పుడు కెమెరాలున్నాయి గదా, వివాదాలకు తావెక్కడ అని విద్యార్థులు అనవచ్చు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కబడ్డీ తుది పోటీని వారు చూసే ఉంటారు. ఇరాన్‌తో స్కోరు 28-28. కొద్ది సమయమే మిగిలి ఉంది. కూతకు వెళ్ళిన పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండానే లాబీలోకి పోయాడు. వెనుకనే ఇరాన్ రక్షకులూ లాబీలోకి వచ్చారు. పాత నియమమా, కొత్త నియమమా అన్న తగవుతో ఆట సుమారు గంటసేపు ఆగింది. చివరకు 33-29 తో మనం గెలిచాము. దృశ్యాన్ని ఎన్నిసార్లు తిప్పి చూసినా, ఏ నియమం వర్తిస్తుందో కెమెరా చెప్పలేకపోయింది. చెడుగుడు ఆడిన మన పల్లె పెద్దలను అడిగితే ఆ లాబీ గొడవను వివరంగా విప్పి చెప్పగలరు.

మరొక విషయం. రహీం సాబ్ పేరు చెప్పి ఇది మనవారి ఘనత అని కాలరు ఎగరేసే యువకులు కొందరున్నారు. ఆ అభిమానం నాకూ ఉంది. అయితే సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ జకార్తాలో ఒకే జట్టులో ఆడారు. గోలు కొట్టిన ఇద్దరిలో ఒకరు బెంగాలీ, మరొకరు సిక్కు. ఈ పేర్లన్నీ కలిపి చెప్పకపోతే రహీం సాబ్ శిక్షణలోని గొప్పతనమే మనకు అర్థం కాదు.

కాలం ఆగడం లేదు. రహీం కుమారుడు, 1960 రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు అయిన ఎస్.ఎస్. హకీం 2021లో గతించారు. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 2024లో 'మైదాన్' చలనచిత్రం వచ్చింది గాని, సినిమా సినిమాయే. రైలెక్కి సికింద్రాబాదుకు పోయి ఆ ఆటలు చూసివచ్చిన సామాన్య ప్రేక్షకుడి సాక్ష్యం ఏ సినిమాలోనూ దొరకదు. అతడు చెప్పేది ఉర్దూలో, మనుమడు చదివేది తెలుగులో. రెండు భాషలలో వెలువడే ఈ సంచికకు ఇంతకంటె తగిన పని నాకు తోచడం లేదు.

కళాశాల కమిటీ వారు వచ్చే సంవత్సరపు సంచికలో ఎనిమిది పుటలు ఇందుకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. విద్యార్థులు సెలవులలో తమ ఊరి పెద్దలలో ఒక్కొక్కరిని కలిసి, చెప్పినది చెప్పినట్లు వ్రాసుకొని రావాలి. ఏ సంవత్సరం, ఏ మైదానం, టిక్కెట్టు ఎంత, ఎవరితో వెళ్ళారు, తిరిగి ఏ బండికి వచ్చారు అని అడగండి. గోలు ఎవరు కొట్టారన్నది చివర అడగండి. ఇద్దరు పెద్దలు ఒకే ఆటను రెండు విధాలుగా చెబితే సరిదిద్దకండి; రెండింటినీ పక్కపక్కనే అచ్చు వేద్దాం.