పెద్ద దేవాలయములును కడపటి బల్లయు

గడచిన విద్యాసంవత్సరమున, సంఘసేవలో నూతన యంత్రసాధనముల వినియోగమును గూర్చి హైదరాబాదులో జరిగిన యొక సభకు మేము హాజరైతిమి. ఉపన్యాసములకు రెండు దినములును, పెద్ద దేవాలయముల సందర్శనమునకు ఒక దినమును కేటాయింపబడెను. తెరలను గూర్చియు, ధ్వనియంత్రములను గూర్చియు, ఆరాధనను ఇంటర్నెట్టు ద్వారా ప్రసారము చేయు విధమును గూర్చియు వినిన సంగతులు చాల కలవు. వాని నన్నిటిని ఇచ్చట వ్రాయము. సందర్శన దినమున మాకు కలిగిన యొక్క యభిప్రాయమును మాత్రము తలిదండ్రుల యెదుటను విద్యార్థుల యెదుటను ఉంచగోరుచున్నాము. ఏలయనగా, వల్లూరులో మన సంఘమునకును ఒక పెద్ద తెర కొనవలెననియు, అందుకై ఇంటింట చందాలు పోగుచేయవలెననియు మాటలు సాగుచున్నవి.

దేవాలయ మెంత పెద్దది, యంత్రముల వెల యెంత అని అడుగుట కంటె ముఖ్యమైన ప్రశ్నలు రెండు కలవు. కడపటి బల్లమీద కూర్చున్న మనిషికి వాక్యము వినబడుచున్నదా? ఆ మనిషి రాని నాడు, రాలేదని యెవరికైనను తెలియుచున్నదా? ఏ సాధనమునైనను ఈ రెండు ప్రశ్నలతో తూచి కొనవలెనని మా యభిప్రాయము.

ఆ దినమున మొదట మెదకు పోతిమి. మన కడప, జమ్మలమడుగు సంఘములు లండను మిషను వారి సేవవలన కలిగినవి. మెదకు సంఘము వెస్లియను మెథడిస్టుల సేవవలన కలిగినది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ రెండును ఒకే కుటుంబములో చేరినవి. కనుక ఆ దేవాలయమును పరాయిదిగా చూడలేదు. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1914లో పని ప్రారంభింపగా, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగుల యెత్తు. కరవు కాలమున ఆకలిగొన్న జనులకు పని కల్పించి కూడు పెట్టుటకై ఈ కట్టడము సాగినదని అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు.

మమ్ము ఆకర్షించినది గోపురముకంటె లోపలి పనితనము. నేటివలె ప్రతి మందిరములోను మైకులు లేని కాలమున కట్టినవారు, అంత పెద్ద శాలలో మాట చెదరిపోకుండ ప్రతిధ్వనిని అణచు పదార్థముతో పైకప్పు చేయించిరి. ఫ్రాంక్ సాలిస్‌బరీ చిత్రించిన రంగుల అద్దముల కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము కనబడును. అక్షరము రాని కూలి మనిషి సయితము ఆ బొమ్మలను చదువుకొనగలడు. వానికి కరెంటు అక్కరలేదు, సూర్యుడున్న చాలును. ఆ పైకప్పును ఆ కిటికీలను మనము యంత్రములని పిలువకపోవచ్చును గాని, అవియు ఆ కాలపు సాధనములే. కడపటి వరుసలోని మనిషిని తలచి చేసినవగుటచేత నూరేండ్లు గడచినను పని చేయుచున్నవి.

మధ్యాహ్నము హైదరాబాదులోని కల్వరి టెంపులు చూచితిమి. 2005లో సతీష్ కుమార్ గారు ప్రారంభించిన ఈ సంఘమునకు 2013లో ఇప్పటి విశాలమందిరము ఏర్పడెను. దానిని 52 దినములలో ముగించిరని చెప్పుదురు. నెహెమ్యా దినములలో యెరూషలేము గోడయు 52 దినములకే ముగిసెనని బైబిలు తరగతి విద్యార్థు లెరుగుదురు. మెదకున పదేండ్లు, ఇచ్చట రెండు నెలలైనను లేదు! ఒకటి నిదానముచేత గొప్పది, ఒకటి త్వరచేత గొప్పది; రెండింటిని పోటీకి పెట్టుట మా యుద్దేశము కాదు. వేలకొలది జనము కూర్చుండు శాలలో వెనుక నున్నవారికి బోధకుని ముఖము గోరంత కనబడును. అచ్చట తెర ఆడంబరము కాదు, అవసరము. అదే తెరను నూట యేబది మంది కూర్చుండు మన మందిరములో పెట్టినచో ఎవరికి ఏమి కనబడనిది కనబడును?

యంత్రములను మేము దూషించుట లేదు. 2020 మార్చి చివర దేశమంతట లాక్‌డౌను విధింపబడినప్పుడు, ఆ ఏప్రిలు 12న వచ్చిన ఈస్టరు పండుగకు గుడి తలుపులు మూతబడియుండెను. ఆనాడు చేతిలోని ఫోనే అనేక గృహములకు ఆరాధన మందిర మాయెను. మన జిల్లానుండి కువైటునకు పనికి పోయిన తల్లులు అచ్చటి గదిలో కూర్చుండి తమ యూరి పాటలను ఫోనులో వినుచున్నారు. మంచము పట్టిన వృద్ధులకును ఇట్టి ప్రసారము గొప్ప మేలు. అయితే ఆ లాక్‌డౌను దినములలోనే ఫోను లేని పిల్లలు పాఠములకు దూరమైన సంగతి ఉపాధ్యాయులమైన మాకు తెలియును. వాక్యము విషయమునను అట్లే జరిగెను. సాధనము కొందరిని దగ్గరకు తెచ్చి, కొందరిని మరింత వెనుకకు నెట్టును. ఆ వెనుకబడిన వారి నెవరు వెదకవలెను?

ఈ ప్రశ్నయే హాజరు సంగతికి తెచ్చుచున్నది. సభ్యులకు కార్డులిచ్చి, ద్వారమునొద్ద యంత్రముచేత గుర్తించి, కొన్ని వారములు రానివారికి సమాచారము పంపు పద్ధతి సభలో వర్ణింపబడెను. వేలమంది గల సంఘమున కాపరి ప్రతివానిని ఎరుగుట కష్టము గనుక అందులో న్యాయము కలదు. కాని ఇరువది యేండ్లకు పైగా హాజరుపట్టీ పిలిచిన మేము ఒక మాట చెప్పగలము. పట్టీలో గీత పెట్టుట హాజరులో సగమే. పేరు పిలిచి తల యెత్తి చూచినప్పుడే, వచ్చిన పిల్లవాడు అన్నము తిని వచ్చెనో లేదో, జ్వరముతో వచ్చెనో తెలియును. రాడని యంత్రము చెప్పగలదు. ఎందుకు రాలేదో తెలిసికొనుటకు మనిషి నడిచి పోవలెను. ప్రభువు యెరికోలో గుంపు నడుమ నడుచుచుండియు, చెట్టెక్కిన జక్కయ్యను తలయెత్తి చూచి, పేరు పెట్టి పిలిచి, వాని యింటికే పోయెను గదా.

జనసమూహము పెద్దదైనచో ఇది సాధ్యము కాదందురేమో. ఒంగోలు చరిత్ర చూడుడు. 1876 మొదలు 1878 వరకు నడచిన గొప్ప కరవులో జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ పనిలో కొంత భాగము గుత్తకు తీసికొని పేదలకు కూలి కల్పించిరి. పిదప 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలోనికి దిగినవారు గుంపుగా కాక, ఒక్కొక్కరుగా దిగిరి. అప్పుడు మైకు లేదు, తెర లేదు. సంఖ్య గొప్పదే, అయినను ఆ సంఖ్యలో ప్రతి ఒకటియు ఒక మనిషియే.

మన యువజనులు ఒక ఆక్షేపణ తెచ్చుదురు: పట్టణపు సంఘములలో వెలుగులు, వాద్యములు, తెరలు ఉన్నవి, ఇచ్చట అవి లేనిచో మేము ప్రొద్దుటూరికో కడపకో పోవుదుము అని. వారి యాశను తేలికగా త్రోసివేయరాదు. వారికి పని యిచ్చుట మేలని తోచుచున్నది. కనుక తెరకు బదులుగా, లేక తెరకు ముందుగా, ఈ కొలది పనులు చేయుదము.

మొదటిది, వెనుక బల్లలయొద్ద మంచి ధ్వనిపెట్టెలు రెండు అమర్చుదము. ప్రతి ఆదివారము ఒక విద్యార్థి అచ్చట కూర్చుండి, మాట స్పష్టముగా వినబడనిచో చేసైగతో తెలుపవలెను. రెండవది, చూపు తగ్గినవారికి పెద్ద అక్షరములతో పాటల ప్రతులు అచ్చు వేయింతము. చదువు రానివారి కొరకు ఒకరు చరణమును ముందుగా చెప్పుచుండగా అందరును పాడు పాత పద్ధతిని నిలుపుదము. మూడవది, ఫోను తెలిసిన యువజనులు మంచము పట్టినవారి యింటికి పోయి, వారి ప్రక్కన కూర్చుండి ఆరాధనను వినిపింపవలెను. నాలుగవది, వీధివీధికి ఇద్దరిని నియమించి, రానివారి యింటికి సోమవారము సాయంకాలము లోపల పోయి రావలెను. సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు వ్రాసికొన్నచో వానిని నమ్మకముగా భద్రపరుపవలెను. అవి సంఘము సొత్తు కావు. ఆ మనుష్యులు మనకు అప్పగించినవి.

వీనికగు ఖర్చు పెద్ద తెర వెలలో చాల తక్కువ భాగమే యగును. ఈ పనులన్నియు ఒక సంవత్సరము నడచిన పిమ్మట తెర కావలెనని తోచినచో అప్పుడు కొనవచ్చును. కోతపండుగకు ముందు జరుగు సంఘసభలో పెద్దలు ఈ సంగతిని ఆలోచింపవలెననియు, ఆ సభకు వెనుక బల్లలవారిని పిలిచి మొదట వారినే అడుగవలెననియు వేడుచున్నాము.