ఒకే మండలం, వేర్వేరు బడులు: ప్రాథమిక పాఠశాలలను పోల్చవలసిన తీరు

(ప్రత్యేక వ్యాసం)

విజయవాడ: ప్రాథమిక విద్యపై సమీక్ష జరిగిన ప్రతిసారీ జిల్లాల మధ్య పోలికే ముందుకు వస్తుంది. అయితే జిల్లా సగటులో కనిపించని తేడాలు ఒకే మండలంలో, నాలుగైదు కిలోమీటర్ల దూరంలో గల రెండు బడుల మధ్య ఉంటాయి. ఒకే మండల విద్యాశాఖాధికారి పర్యవేక్షణలో, ఒకే పాఠ్యపుస్తకాలతో, ఒకే మధ్యాహ్న భోజన పథకంతో నడిచే మండల పరిషత్ పాఠశాలలలో సైతం పిల్లలకు అందే బోధన ఒక్క తీరుగా ఉండదు. కృష్ణా డెల్టా మండలాలలో ఈ తేడాను ఏ విధంగా లెక్కించాలన్నది పరిశీలించవలసిన అంశం.

నిష్పత్తి చెప్పని విషయం

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది విద్యార్థుల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు ఉపాధ్యాయులు ఉండాలి. సమీక్షలలో సాధారణంగా చూసేది విద్యార్థి-ఉపాధ్యాయ నిష్పత్తినే.

ఉదాహరణకు ఒక మండలంలో మూడు బడులు ఉన్నాయనుకొందాం. మొదటి బడిలో 20 మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు. రెండవ దానిలో 60 మంది, ఇద్దరు. మూడవ దానిలో 150 మంది, ఐదుగురు. నిష్పత్తి ప్రకారం మొదటి బడిలో ఉపాధ్యాయునికి 20 మంది, మిగిలిన రెండింటిలో 30 మంది చొప్పున ఉన్నారు. కాగితం మీద మొదటి బడే మెరుగైనది.

కానీ మూడింటిలోనూ తరగతులు ఐదు. చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఉపాధ్యాయులు తమ సమయాన్ని తరగతులన్నింటికీ సమానంగా పంచితే, మూడవ బడిలోని ఐదవ తరగతి విద్యార్థికి ఉపాధ్యాయుడు 800 గంటలూ అందుబాటులో ఉంటాడు. రెండవ బడిలో అవి 320 గంటలు, మొదటి బడిలో 160 గంటలు మాత్రమే. రెండు మూడు తరగతులను కలిపి కూర్చోబెట్టి బోధించే నేర్పరులు ఈ లోటును కొంత పూడ్చగలరు. అయితే ఏకోపాధ్యాయుడు సెలవు పెట్టిన రోజున, శిక్షణకో సమావేశానికో వెళ్ళిన రోజున ఆ కొంత కూడా ఉండదు. కనుక నిష్పత్తి పక్కన తరగతికి ఎందరు ఉపాధ్యాయులన్న అంకెను తప్పక చూపాలి.

శాతాలతో జాగ్రత్త

ఐదుగురు పిల్లలున్న తరగతిలో ఒక్కరు చదవలేకపోతే ఫలితం 20 శాతం పడిపోతుంది. నలభై మంది ఉన్న తరగతిలో అదే ఒక్కరి వల్ల తగ్గేది రెండున్నర శాతం. చిన్న బడి ఒక ఏడాది మండలంలో ప్రథమ స్థానంలో, మరుసటి ఏడాది చివరి స్థానంలో నిలవడానికి ఇది చాలు. ఒక్క సంవత్సరపు శాతాన్ని బట్టి ఉపాధ్యాయుని మెచ్చుకొనడం గాని, సంజాయిషీ అడగడం గాని న్యాయం కాదు. మూడేళ్ళ ఫలితాలను కలిపి చూడటం, అదే పిల్లలు జూన్‌లో ఏమి చదవగలిగారో, విద్యా సంవత్సరాంతానికి ఏమి చదవగలుగుతున్నారో పోల్చడం మేలు.

పిల్లల నేపథ్యం కూడా లెక్కలోకి రావాలి. విజయవాడకు చేరువలోని గ్రామాలలో స్తోమత గల కుటుంబాలు పిల్లలను బస్సులలో ప్రైవేటు పాఠశాలలకు పంపుతాయి. అక్కడి ప్రభుత్వ బడిని, ఊరి పిల్లలందరూ చదివే బడితో సరిపోల్చడం సమానుల మధ్య పోలిక కాదు.

ఇక భవనాల మధ్య వ్యత్యాసం కొంత తగ్గింది. 2019లో ప్రారంభమైన ‘మన బడి నాడు-నేడు’ మొదటి దశలో రాష్ట్రవ్యాప్తంగా 15,715 పాఠశాలలను చేపట్టారు. కొత్త గదులు, మరుగుదొడ్లు అవసరమే. బోధన గంటలకు అవి కొలమానం కావు.

కాలువకు ఆవల

తరగతికో ఉపాధ్యాయుడు కావాలంటే పిల్లలను ఒకచోట చేర్చాలన్న వాదనలో బలం ఉన్నది. 2022లో జారీ అయిన 117వ నంబరు ఉత్తర్వు మేరకు కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు 3, 4, 5 తరగతులను తరలించారు. 2025లో ఆ విధానాన్ని ఉపసంహరించి, తరగతికో ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల ఏర్పాటుకు మార్గం వేశారు.

అయితే డెల్టాలో పటం మీది కిలోమీటరు వేరు, పిల్లవాడు నడిచే కిలోమీటరు వేరు. మధ్యలో పంట కాలువ, మురుగు కాలువ, నది పాయ ఉండవచ్చు. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవి వాసులు దశాబ్దాలుగా పంటులు, పడవల మీదే నది దాటుతూ వచ్చారు. వరద ముప్పు, రహదారి లేమి ఉన్నచోట్ల దూర పరిమితిని తగ్గించి, పిల్లలకు ప్రమాదం లేకుండా బడిని నెలకొల్పాలని విద్యా హక్కు చట్టం కింద 2010లో రూపొందించిన కేంద్ర నియమావళి నిర్దేశిస్తున్నది. అటువంటి ఆవాసంలో 20 మంది పిల్లల బడిని మూసివేస్తే, ఆరేళ్ళ పాప చదువే ఆగిపోయే ప్రమాదం ఉన్నది. అక్కడ పిల్లలను తరలించడం కంటే రెండవ ఉపాధ్యాయుని నియమించడమే సబబు.

మండల స్థాయి పట్టిక

యూడైస్ ప్లస్ ద్వారా నమోదు, గదులు, ఉపాధ్యాయుల సంఖ్య ఏటా లభిస్తున్నాయి. వీటికి తరగతికి ఉపాధ్యాయుల సంఖ్య, వాస్తవంగా బోధన జరిగిన రోజులు, నెలవారీ హాజరు, అదే పిల్లల ప్రగతి, బడికి వెళ్ళే దారి అనే ఐదు అంశాలను జోడిస్తే ప్రతి మండలానికీ ఒక పుటలో సరిపోయే పట్టిక తయారవుతుంది. మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండవలసిన పాఠశాల యాజమాన్య కమిటీల సమావేశాలలో ఈ పట్టికను చదివి వినిపించాలి. పోస్టుల సర్దుబాటు, తరగతుల విలీనం వంటి నిర్ణయాలకు ముందు అధికారులు ఈ పట్టికను పరిశీలించడం, పత్రికా ప్రతినిధులు దానిని అడిగి చూడటం ఆవశ్యకం.