సదరం రోజే బడిలో చేరే రోజు కావాలి

సదరం శిబిరం ఉన్న రోజు మా ప్రభుత్వాసుపత్రి వరండా ఉదయం ఎనిమిదింటికే నిండిపోతుంది. సముద్రం ఒడ్డు పాలేల నుంచి, రొయ్యల గుంటల కాపలా గుడిసెల నుంచి, లోపలి పల్లెల నుంచి షేర్ ఆటోల్లో వస్తారు. అందరూ వచ్చేది వైకల్య ధ్రువపత్రం కోసమే. ఆ మధ్య అలా వచ్చిన ఒక తల్లి గురించి మీకు చెప్పాలి.

కొడుక్కి పందొమ్మిదేళ్లు. పుట్టగానే ఏడవలేదట. సెరిబ్రల్ పాల్సీ. మోకాళ్లు మడతపడి బిగుసుకుపోయాయి. ఒక తుంటి కీలు పక్కకు జరిగింది. బరువు చూస్తే పదేళ్ల పిల్లాడంత. కానీ ‘‘మీదే ఊరు నాయనా?’’ అని అడిగితే నవ్వాడు. కష్టపడి, ఒక్కో అక్షరం కూడదీసుకుని ఊరి పేరు చెప్పాడు. మనం మాట్లాడేదంతా అతనికి అర్థమవుతోంది.

‘‘ఏ బడికి పోయాడమ్మా?’’ అన్నాను.

‘‘బడా? వీడికి బడేంది సార్! కూసునేదానికే రాదు. యాడికని ఎత్తకపొయ్యేది?’’

‘‘మీ మండలంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది కదా?’’

‘‘మాకెవురూ చెప్పలా సార్.’’

కాగితాలు తిరగేశాను. ఆ అబ్బాయికి మొదటి సర్టిఫికెట్ ఆరేళ్ల వయసులో ఇచ్చారు. తర్వాత రెన్యువల్ కోసం మళ్లీ వచ్చాడు. ఇన్నేళ్లలో ఎందరో డాక్టర్లు అతన్ని చూశారు, శాతం లెక్కగట్టారు, ముద్ర వేశారు, పంపించారు. బడి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ తల్లి చెప్పిన ‘ఎవురూ’లో నాలాంటి డాక్టర్లంతా ఉన్నాం. ఎన్నో శిబిరాల్లో కూర్చున్నాను. నేనూ ఆ ప్రశ్న అడిగేవాణ్ణి కాదు.

నేను పిల్లల డాక్టరును కాను, ఫిజీషియన్‌ను. ఈ పిల్లలు నా దగ్గరికి వచ్చేది పెద్దయ్యాకే. ఒంటి మీద పుండ్లతో, అదుపులో లేని ఫిట్స్‌తో, మింగడం రాక ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోయి న్యుమోనియాతో వస్తారు. కడుపులో నొప్పి అని చెప్పడం రాని ఒక అమ్మాయిని ‘రెండు రోజుల నుంచి ఊరికే అరుస్తోంది’ అంటూ తెచ్చారు. అపెండిక్స్ పగిలాక గానీ మాకు తెలియలేదు. బొమ్మ చూపించి ‘ఇక్కడ నొప్పి’ అని చెప్పడం చిన్నప్పుడే నేర్పి ఉంటే ఆ అమ్మాయి మొదటి రోజే చెప్పేది. ఇలాంటి పిల్లలకు బడి అంటే అక్షరాలు మాత్రమే కాదు, వైద్యం కూడా. ఈ విషయం ఆరోగ్య పేజీలో రాయడానికి కారణం అదే.

భవితలో ఏం జరుగుతుంది?

చాలామంది చదువుకున్న కుటుంబాలకు కూడా భవిత కేంద్రాల సంగతి తెలియదు. సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడిచే ప్రత్యేక విద్యా కేంద్రాలివి. చాలాచోట్ల ఏదో ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణలో ఒకటి రెండు గదుల్లో ఉంటాయి. పిల్లలకు నేర్పేది ఐఈఆర్‌టీలనే సహిత విద్య టీచర్లు. వీళ్లు ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవాళ్లు, కానీ ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. పిల్లల్ని ఎత్తి దించడానికి, శుభ్రం చేయడానికి ఆయా ఉండాలి. ఫిజియోథెరపిస్టు రోజూ ఉండరు, నిర్ణీత రోజుల్లో వచ్చి పోతారు.

కావలి నుంచి ముత్తుకూరు దాకా మన తీర మండలాల్లో ఒక పిల్లను కేంద్రానికి తేవడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. తండ్రి వేటకు పోతాడు, లేదంటే గుంటల దగ్గర ఉంటాడు. తల్లి కూలికి పోవాలి. పిల్లను చంకనేసుకుని ఆటో ఎక్కి, మండల కేంద్రంలో దిగి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, మళ్లీ తీసుకుపోవాలి. ఆ రోజు కూలి పోయినట్టే. రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకు ఎస్కార్ట్ భత్యం పథకంలో ఉన్నాయి. కానీ పేరు నమోదైన పిల్లలకే అవి వస్తాయి. అసలు కదల్లేని పిల్లల కోసం టీచరే ఇంటికి వచ్చి నేర్పే ఏర్పాటు కూడా ఉంది. అందుకు కూడా ముందు పేరు నమోదు కావాలి.

కండరాలు బిగిసే పిల్లకు వ్యాయామం వారానికోసారి చేయిస్తే చాలదు, రోజూ చేయించాలి. థెరపిస్టు చూపించినదాన్ని టీచరు, ఆయా, తల్లి రోజూ చేయించినప్పుడే కీళ్లు బిగుసుకుపోకుండా ఉంటాయి. మొదటి కొన్నేళ్లు పోతే తర్వాత మిగిలేది ఆపరేషనే, అది కూడా కొందరికే. చేత్తో అన్నం తినడం, బాత్‌రూమ్‌కు వెళ్లాలని చెప్పడం, చొక్కా తొడుక్కోవడం ఎనిమిదేళ్లకు నేర్చుకున్న పిల్లకు, పద్దెనిమిదేళ్లకూ రాని పిల్లకు మధ్య తేడా తల్లి నడుమునడిగితే చెబుతుంది.

పేరు లేకపోతే పోస్టు లేదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ కేంద్రాల్లో టీచర్లు ఎందుకు చాలడం లేదు, నిధులు ఎందుకు పలచగా ఉన్నాయి?

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో ఒక లెక్క చెప్పింది. ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, ఆ పైతరగతుల్లో ప్రతి 15 మందికి ఒకరు ఉండాలి. 2025 మార్చి 7న అదే కోర్టు, పోస్టులు మంజూరు చేసి ప్రకటించండని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. ఆ తర్వాత ఏప్రిల్‌లో మన ప్రభుత్వం 2,260 ప్రత్యేక విద్య పోస్టులు మంజూరు చేసింది. వాటిలో 1,136 ఎస్జీటీలు, 1,124 స్కూల్ అసిస్టెంట్లు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద నడిచిన రంగంలో ఇది పెద్ద ముందడుగే.

అయితే ఆ నిష్పత్తిని జాగ్రత్తగా చూడండి. అది ఊళ్లో ఉన్న పది మంది పిల్లలకు ఒకరు అని కాదు, బడి రికార్డులో ఉన్న పది మందికి ఒకరు. యూడైస్‌లో ప్రత్యేక అవసరాల పిల్లల గడిలో పేరు పడితేనే ఆ పిల్ల లెక్కలోకి వస్తుంది. ఇంట్లో దాచిన పిల్లకు టీచరు పోస్టు పుట్టదు.

దీంతో ఒక విషవలయం తయారవుతోంది. కేంద్రంలో సరైన సిబ్బంది లేరని తల్లిదండ్రులు పిల్లల్ని పంపరు. పిల్లలు తక్కువగా ఉన్నారని పోస్టు రాదు, ఉన్న టీచర్‌కు వేరే పనులు అప్పజెబుతారు. టీచరు గదిలో కనిపించకపోతే వచ్చే నలుగురూ మానేస్తారు.

ఇది మన జిల్లా సంగతే కాదు. 2011 జనగణన లెక్కల ఆధారంగా యునెస్కో 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మన దేశంలో అయిదేళ్ల వయసున్న వైకల్య బాలల్లో మూడొంతుల మంది ఏ విద్యాసంస్థలోనూ లేరు. 5-19 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లలో నాలుగో వంతు బడి బయటే ఉన్నారు.

పింఛను 72 వేలు, బడికి మూడున్నర వేలు

2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. ఏడాదికి 72,000. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. ఆ డబ్బుతో మందులు కొనుక్కుంటున్నవాళ్లను, అప్పు లేకుండా నెల గడుపుతున్నవాళ్లను రోజూ చూస్తున్నాను. అదే బిడ్డ చదువు సంగతి చూడండి. సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాల విద్యార్థి ఒక్కరికి ఏడాదికి 3,500 రూపాయలు ప్రమాణంగా పెట్టారు. ఉపకరణాలు, భత్యాలు, థెరపీ లాంటివన్నీ అందులోనే సర్దుకోవాలి. టీచర్ల జీతాలు వేరు. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలల స్టైపెండ్ ఉంది. ఈ ఖర్చులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40.

నెలకు మూడు వందలు కూడా రాని ఆ మొత్తంతో ఏ థెరపిస్టు రోజూ వస్తాడు? ఆ మొత్తాన్ని పెంచమని అడగాల్సిందే. కానీ ఎవరి కోసం అడుగుతున్నామో చూపించాలంటే ముందు పేర్లు ఉండాలి కదా!

ఇంకో భయం కూడా వింటుంటాను. ‘బడికి పోతే బాగైపోయాడని పింఛను తీసేస్తారేమో సార్’ అంటారు. 2025లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన మొదలయ్యాక ఈ భయం పెరిగింది. పింఛను వైకల్య శాతాన్ని బట్టి ఇస్తారు. బడి రిజిస్టరులో పేరుంటే శాతం తగ్గదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న ప్రతి బిడ్డకూ 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఉంది. పింఛను, బడి రెండూ ఆ బిడ్డవే.

మీకు దీనితో పనేమిటంటే...

ఈ పేజీ చదివే మీలో చాలామంది ‘మా ఇంట్లో అలాంటి పిల్లలుంటే నెల్లూరులోనో చెన్నైలోనో ప్రైవేటు థెరపీకి తీసుకెళ్తాం, భవితతో మాకేం పని’ అనుకోవచ్చు. స్తోమత ఉంటే తీసుకెళ్లండి, తప్పులేదు. కానీ గడుసైన పెద్దమనుషులు వదిలేసిన బడి ఎలా తయారవుతుందో మామూలు ప్రభుత్వ బళ్ల విషయంలో మనం ఒకసారి చూశాం. గట్టిగా అడగగలిగినవాళ్లు పక్కకు తప్పుకుంటే, అడగడం రానివాళ్లే అక్కడ మిగులుతారు.

ఇదే నెల్లూరు కుటుంబాలు అమెరికాలో ఏం చేస్తున్నాయో చూడండి. మనవడికి ఆటిజం అని తేలితే మూడేళ్లు నిండగానే అక్కడి ప్రభుత్వ బడిలో ప్రత్యేక విద్యకు చేరుస్తారు. అందులో నామోషీ లేదు. 1975లో వచ్చిన అక్కడి చట్టం అలాంటి పిల్లల్ని వెతికి గుర్తించే బాధ్యతను కూడా ప్రభుత్వం మీదే పెట్టింది. తల్లి అడిగేదాకా ఆగరు. అక్కడ ప్రభుత్వ బడి గర్వమై, ఇక్కడ అదే నామోషీ ఎందుకైంది? నలుగురికీ తెలిస్తే పెద్దమ్మాయి పెళ్లికి అడ్డమవుతుందన్న భయం కూడా ఒక కారణమని నాకు తెలుసు. ఆ భయానికి మూల్యం చెల్లించేది మాత్రం ఆ చిన్నబిడ్డ.

‘ప్రభుత్వం చేయాల్సింది చేయకుండా మమ్మల్ని అంటారేం?’ అని మీరు అడగవచ్చు. న్యాయమే. అందుకే ముందు మా వైపు నుంచే మొదలుపెడతాను.

సదరం శిబిరంలో ఒక బల్ల ఎక్కువ వేయాలి. అక్కడ ఐఈఆర్‌టీ ఒకరు రిజిస్టరుతో కూర్చోవాలి. పద్దెనిమిదేళ్లలోపు బిడ్డ ఎవరొచ్చినా డాక్టరు దగ్గర్నుంచి నేరుగా ఆ బల్ల దగ్గరికి పంపాలి. పేరు, ఊరు, తల్లి ఫోన్ నంబరు రాసుకుని, ఏ కేంద్రానికి ఎప్పుడు రావాలో, లేదా టీచరు ఇంటికి ఎప్పుడు వస్తారో చెప్పి పంపాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. వైద్యశాఖ, విద్యాశాఖ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే చాలు. మంజూరైన పోస్టులను నింపడం, థెరపిస్టు రోజులు పెంచడం, తీర మండలాల్లో పిల్లల్ని తెచ్చి దించే వాహనం పెట్టడం ఆ తర్వాత ప్రభుత్వం తప్పించుకోలేని పనులవుతాయి. ఎందుకంటే అప్పుడు చేతిలో పేర్లుంటాయి.

ఇక మీరు. మీ బిడ్డ ప్రైవేటు బడిలో చదువుతున్నా సరే, యూడైస్‌లో ఆ గడి నింపారో లేదో అడగండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెకు, మీ గుంటల కాపలాదారుకు, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు అలాంటి పిల్లలుంటే మండల విద్యాశాఖాధికారి కార్యాలయానికి మీరే తోడు వెళ్లండి. చదువుకున్న మనిషి పక్కన ఉంటే అక్కడ జవాబు వేరుగా ఉంటుంది. ఇది చేదు నిజం. కేంద్రానికి వెళ్లి ఒక్కసారి చూసి రండి. టీచర్ లేకపోతే రాతపూర్వకంగా అడగండి. పెద్ద పరీక్షలకు నెల్లూరులోనే సీఆర్‌సీ ఉంది. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ కింద పనిచేసే కేంద్ర ప్రభుత్వ పునరావాస కేంద్రం అది.

ఆ రోజు వెళ్లబోతూ ఆ తల్లి ఆగి ఒక మాట అడిగింది. ‘‘ఇప్పుడు చేర్చుకుంటారా సార్ మా వాణ్ణి?’’

సీఆర్‌సీకి చీటీ రాసిచ్చాను. కూర్చునే కుర్చీ, చేతులతో చేసుకునే పనులు కొన్ని అక్కడ చూపిస్తారని చెప్పాను. కానీ అతని బడి హక్కు ఏడాది కిందటే, పద్దెనిమిదేళ్లు నిండినప్పుడే అయిపోయింది. ఆ సంగతి ఆమెకు చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు సదరం రోజు నా ముందుకు వచ్చే ప్రతి బిడ్డ విషయంలో శాతం కంటే ముందు ఒకటే అడుగుతున్నాను. ‘‘ఏ బడికి పోతున్నాడమ్మా?’’ మీ వీధిలో కూడా అలాంటి బిడ్డ ఉంటే, ఈ వారమే మీరూ అదే ప్రశ్న అడగండి.