గుడి పేరు తెచ్చింది... చెరువు అన్నం పెట్టింది!

రామప్పకు వెళ్లినవాళ్లంతా ముందు గుడి చూస్తారు. నీళ్లలో తేలే ఇటుకల గురించి విని ముక్కున వేలేసుకుంటారు. నల్లరాతి మదనికల దగ్గర ఫొటోలు దిగుతారు. పనిలో పనిగా చెరువుకట్ట మీద కాసేపు తిరిగి బస్సెక్కేస్తారు. పాలంపేట వాసుల లెక్క మాత్రం వేరు. వాళ్లకు ముందు చెరువు, తర్వాతే ఏదైనా!

ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలో ఉందీ ఊరు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఇక్కడ రుద్రేశ్వరాలయాన్ని కట్టించాడు. 1213 నాటి శాసనం ఆ సంగతి చెబుతోంది. గుడికి కిలోమీటరు దూరంలోని చెరువు కూడా ఆయన చలవే. సప్తసంతానాల్లో ఆలయంతో పాటు తటాకమూ ఒకటి. చెరువు తవ్విస్తే కొడుకును కన్నంత పుణ్యమని ఆనాటి నమ్మకం. అందుకే రాజులే కాదు, సేనానులూ సామంతులూ చెరువులు తవ్వించారు. పాకాల, లక్నవరం కూడా కాకతీయుల నాటివే.

రామప్ప చెరువుకు మూడువైపులా కొండలే గోడలు. నాలుగోవైపు కట్ట పోశారంతే! కొండల మీద కురిసిన వాన చెరువులోకి చేరుతుంది. తూము తీస్తే పొలాలకు పారుతుంది. నిండితే మత్తడి దుంకుతుంది. ఆ రోజు ఊళ్లో పండగే. రైతు నాట్లకు సిద్ధమవుతాడు. చేపలు పట్టేవాళ్లు వలలు సర్దుకుంటారు. ఎనిమిది వందల ఏళ్లుగా ఇదే వరస. గోదావరి నీళ్లు తెచ్చే దేవాదుల ఎత్తిపోతల పథకంలోనూ ఈ పాత చెరువుకు చోటు దక్కింది.

2021 జులైలో యునెస్కో రామప్ప గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. తెలుగు నేలకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. దాంతో పాలంపేట పేరు ప్రపంచమంతా తెలిసింది. గుడి బాగోగులు చూడటానికి పురావస్తు శాఖ ఉంది. రాయి నాలుగేళ్లు ఆగగలదు కూడా. చెరువు అలా కాదు. ప్రతి వానకూ కొంత పూడిక చేరుతుంది, కట్ట కొంత కోసుకుపోతుంది. ఏటా పట్టించుకునే చేతులుండాలి. 2015లో మిషన్ కాకతీయ పేరుతో తెలంగాణ చెరువుల పూడిక తీయించడం మొదలుపెట్టింది అందుకే.

ఈసారి రామప్పకు వెళ్తే పిల్లలకు గుడితో పాటు తూమునూ చూపించండి. శిల్పాలను చెక్కినవాళ్లు ఎంత గొప్పవాళ్లో, ఆ నీటిని ఇన్ని తరాలు కాపాడుకున్న ఊరివాళ్లూ అంతే గొప్పవాళ్లు!