సంతకం మనది, లెక్క ఎవరిది?

దోసెల పిండి రుబ్బుకుంటున్నాను. గుమ్మంలో ఇద్దరు పిల్లలు రిజిస్టరు పట్టుకుని నిలబడ్డారు. "అమ్మా, మేడంగారు సంతకం పెట్టమన్నారండీ" అన్నారు. చెయ్యి కొంగుకి తుడుచుకుని, పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోట గబగబా సంతకం చేసి పంపేశాను. పైన ఏం రాసుందో చూడలేదు. చూడాలని తోచనూ లేదు.

ఆ సంతకంతో నేనేం ఒప్పుకున్నానో తర్వాత తెలిసింది. బడి కమిటీ సమావేశం జరిగిందట. నేను హాజరయ్యానట. మరుగుదొడ్ల నిర్వహణ సంతృప్తికరంగా ఉందని అందరం ఏకగ్రీవంగా తీర్మానించామట!

సరిగ్గా ఆ వారంలోనే ఏడో తరగతి చదివే మా అమ్మాయి మంచినీళ్ళ సీసా నిండుగానే ఇంటికి తెస్తోందని గమనించాను. ఏమే, నీళ్ళెందుకు తాగడం లేదంటే మొదట చెప్పలేదు. గదమాయిస్తే చెప్పింది. "తాగితే బాత్రూంకి వెళ్ళాలి కదమ్మా. అక్కడ నీళ్ళు రావు. మా క్లాసు ఆడపిల్లలెవరం సాయంత్రం దాకా తాగం."

నాకు నోట మాట రాలేదు. కూతురు దాహం చంపుకుని కూర్చుంటున్న బడిలో అంతా బాగుందని సంతకం పెట్టింది ఎవరో కాదు, నేనే.

కాగితం మీద మనమే ఎక్కువ

2024 ఆగస్టు 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీలకు ఎన్నికలు జరిగాయి. వాడుకలో వీటినే తల్లిదండ్రుల కమిటీలంటున్నాం. మా ఊరి బడిలో ఎన్నికంటే పెద్ద హడావుడేమీ లేదు. వచ్చిన నలుగురం గోడవారగా నిలబడ్డాం. "మీరు చదువుకున్నారు కదమ్మా, మీరుండండి" అన్నారు. సరేనన్నాను. అంతే, మెంబరునైపోయాను. ఆ మెంబరు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ సంగతి జరిగాక మాత్రం కూర్చుని తెలుసుకున్నాను. 2009 విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షను ఈ కమిటీ గురించే. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళుండాలి. మన రాష్ట్ర నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటే, ఆ ముగ్గురిలో ఇద్దరు తల్లులే ఉండాలి. ఒకటి నుంచి ఎనిమిది దాకా తరగతులున్న బడిలో ఇరవై నాలుగు మంది ఎన్నికైతే అందులో పదహారు మంది ఆడవాళ్ళన్న మాట! హెడ్మాస్టరుగారు సభ్య కన్వీనరు. అంగన్‌వాడీ కార్యకర్తకీ, వార్డు మెంబరుకీ కూడా అందులో చోటుంది. పదవీకాలం రెండేళ్ళు.

చెయ్యాల్సిన పనులు కూడా చట్టంలోనే ఉన్నాయి. బడి ఎలా నడుస్తోందో చూడాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాలి. ప్రభుత్వం నుంచి గానీ, పంచాయతీ నుంచి గానీ, మరే చోటి నుంచి గానీ వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో పరిశీలించాలి. అంటే జెండా పండగనాడు కుర్చీలో కూర్చోవడానికి కాదు మనల్ని ఎన్నుకున్నది, లెక్క చూడ్డానికి.

ఈ ఆలోచన నిన్నమొన్నటిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే బడి నిర్వహణలో ప్రజల భాగస్వామ్యం కోసం ఒక చట్టం చేశారు. పేర్లు మారుతూ వచ్చాయి. మా అత్తగారి కాలంలో విద్యా కమిటీ అనేవారు, ఇప్పుడు ఇలా అంటున్నాం. పేరు ఏదైతేనేం, రిజిస్టరు మాత్రం ఇళ్ళకి తిరుగుతూనే ఉంది.

డబ్బు మన పేరు మీదే

"ప్రభుత్వం పెట్టిన బడి, ప్రభుత్వం డబ్బు, మధ్యలో మనమెవరం అడగడానికి?" అంటుంది మా పక్కింటి వదిన. నేను ఆవిడకి రెండు లెక్కలు చెప్పాను.

మొదటిది సమగ్ర శిక్ష కింద బడికిచ్చే గ్రాంటు. 2018లో మొదలైన ఆ పథకంలో పిల్లల సంఖ్యను బట్టి ఏడాదికి ఇంతని నిర్ణయించారు. ముప్పై మంది దాకా ఉంటే 10,000 రూపాయలు, వంద మంది దాకా 25,000, రెండొందల యాభై దాకా 50,000, వెయ్యి దాకా 75,000, ఆపైన లక్ష. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలన్నారు.

రెండోది ఇంకా దగ్గరి లెక్క. అమ్మ ఒడి డబ్బు 2020లో తల్లుల ఖాతాల్లో 15,000 వేసినప్పుడు మరుగుదొడ్ల నిర్వహణకని వెయ్యి రూపాయలు వెనక్కి ఇమ్మన్నారు. తర్వాత ఏళ్ళలో ఇచ్చేముందే పట్టుకున్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం ఇచ్చినప్పుడూ అంతే. చెప్పింది 15,000, మన ఖాతాలో పడింది 13,000. మిగతా 2,000 బడుల నిర్వహణకని మినహాయించారు. ప్రభుత్వాలు మారినా మినహాయింపు మారలేదు.

నేను దాన్ని తప్పు పట్టడం లేదు. మన పిల్లల బడి శుభ్రంగా ఉండడానికి రెండు వేలు ఎక్కువేమీ కాదు. కానీ కిరాణా కొట్లో రెండు వందల సరుకు తెచ్చుకుంటేనే చీటీ చూసుకుంటాం కదా! మన పేరు చెప్పి పక్కన పెట్టిన డబ్బుతో మన బడిలో ఏం చేశారని అడిగితే అది తగువెలా అవుతుంది?

ముగ్గులు బాగానే వేశాం

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రులు, టీచర్ల మెగా సమావేశం జరిపారు. ముఖ్యమంత్రి బాపట్లలో పాల్గొన్నారు. 2025 జూలై 10న, మళ్ళీ డిసెంబరు 5న కూడా జరిగాయి. మా బడికి ఎప్పుడూ రాని తండ్రులు కూడా ఆ రోజు వచ్చారు. టీచరు ఎదుట కూర్చుని తమ బిడ్డ ఎలా చదువుతున్నాడో విన్నారు, పిల్లలతో కలిసి అన్నం తిన్నారు. మంచిదే, కాదనను. కొన్ని ఇళ్ళల్లో తండ్రికి కొడుకు ఏ తరగతో తెలిసింది ఆ రోజే!

మొదటి ఏడాది తల్లులకి ముగ్గుల పోటీ, తండ్రులకి తాడు లాగే పోటీ పెట్టారు. మేమూ వేశాం ముగ్గులు. మా ముగ్గుకి బహుమతి కూడా వచ్చింది. ఇంటికొచ్చాక అనిపించింది, ముగ్గు వేయడం మాకు కొత్తా? ఆ పూటే ఒక అరగంట బడి గ్రాంటు రిజిస్టరు తీసి తల్లుల ముందు చదివి ఉంటే ఎంత బాగుండేది! పండగలా ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చే సభ వేరు, ఏడాది పొడుగునా బడిని కనిపెట్టుకుని ఉండే కమిటీ వేరు. మొదటిది రెండోదానికి బలమివ్వాలి గానీ దాని బదులు కాకూడదు.

తల్లిదండ్రుల చేతికి పని ఇస్తే చెయ్యలేరన్న మాటా ఒప్పుకోను. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు మొదటి దశలో 15,700కు పైగా బడుల్లో బాగుచేత పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే జరిపించారు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకున్న తల్లులూ ఉన్నారు, పేరుకి తాముంటే పెత్తనం ఇంకెవరిదో అయిందని వాపోయిన వాళ్ళూ ఉన్నారు. తేడా ఎక్కడొచ్చిందంటే, పాసుపుస్తకం చూపించిన చోట పని నేర్చుకున్నారు, చూపించని చోట సంతకం మాత్రమే నేర్చుకున్నారు.

పక్క రాష్ట్రంలో ఇంకో దారి

తెలంగాణ 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టింది. అక్కడ అధ్యక్షురాలు పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు. హెడ్మాస్టరు కన్వీనరు. వేసవి సెలవుల్లో తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న చిన్న మరమ్మతులు, కరెంటు పనులు వీళ్ళకి అప్పజెప్పారు. పిల్లల యూనిఫారాలు కుట్టే పని కూడా మహిళా సంఘాలకే ఇచ్చారు.

ఇందులో మంచి ఉంది. పొదుపు సంఘంలో పదేళ్ళు మెలిగిన మనిషికి బ్యాంకన్నా, తీర్మానమన్నా, వాయిదా అన్నా బెదురుండదు. హెడ్మాస్టరు ముందు కూర్చుని "ఈ బిల్లేంటి సారూ" అనగలదు. చిక్కు కూడా ఉంది. ఆ అధ్యక్షురాలి పిల్లలు ఆ బడిలో చదవకపోవచ్చు. పైగా చట్ట ప్రకారం ఎన్నుకున్న కమిటీ ఒకటి ఎలాగూ ఉండాలి. ఒక బడికి రెండు కమిటీలైతే, కుళాయి రాకపోతే ఎవర్నడగాలి? "ఆ కమిటీని అడుగు" అంటే "ఈ కమిటీని అడుగు" అనే ప్రమాదం ఉంది. పొదుపు సంఘాల అనుభవాన్ని ఎన్నికైన తల్లులకి అందించడమే సరైన దారని నా అభిప్రాయం.

ప్రైవేటు బడుల్లో పిల్లల్ని చదివించే అక్కచెల్లెళ్ళకి ఒక మాట. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకి ఈ 21వ సెక్షను వర్తించదు. అక్కడ పేరెంట్స్ మీటింగంటే చాలా చోట్ల మార్కుల కార్డు తీసుకుని, ఫీజు బాకీ విని రావడమే. ఆ విధంగా చూస్తే, ఫీజు కట్టని బడిలోని తల్లికే చట్టం ఎక్కువ హక్కిచ్చింది!

వెనక ఎవరున్నారు?

కమిటీ పెట్టగానే సరిపోదు, దానికి దన్ను కావాలి. జిల్లాలో ఏర్పాటు లేకపోలేదు. సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయంలో ప్రజల్ని బడికి దగ్గర చెయ్యడానికే ఒక అధికారి ఉంటారు. మండలంలో విద్యాధికారి, ఆ కింద నాలుగు బడులు తిరిగే సీఆర్పీలు. కమిటీలకి శిక్షణ ఇవ్వాలని పథకంలోనే ఉంది, దానికి డబ్బూ ఉంది. కానీ పైనుంచి మా ఊరికి వచ్చేసరికి ఆ శిక్షణ ఒక పూట ఉపన్యాసం, ఒక ఫొటోగా మిగిలింది. ఫొటోలో నేనూ ఉన్నాను.

అధికారుల్ని ఒక్కళ్ళనే అనను. మా హెడ్మిస్ట్రెస్‌గారి దగ్గరికి కోపంగానే వెళ్ళాను. ఆవిడ ఒక్క మాటతో నా నోరు మూయించారు. "గ్రాంటు వచ్చేదెప్పుడో, ఖర్చు ఈ రోజుదమ్మా. పోయిన నెల కరెంటు బిల్లు నా జీతంలోంచి కట్టాను. నేను కబురు చేస్తే మీలో ఒక్కరూ రారు. రిజిస్టరు పంపకపోతే పైనుంచి మెమో వస్తుంది. నన్నేం చెయ్యమంటారు?" అన్నారు. నిజమే కదా. ఆవిడ అబద్ధం రాశారు, ఆ అబద్ధానికి నేను సంతకం పెట్టాను. ఇద్దరం సమానమే.

ఎందుకు రావడం లేదో ఇల్లిల్లూ తిరిగి అడిగాను. "పదకొండింటికి మీటింగంటే నా కూలి పోద్దక్కా, ఎవరిస్తారు?" అంది ఒకామె. "మా ఆయన నేనెళ్తాలే అంటాడు, ఎళ్ళడు" అంది ఇంకొకామె. "నాకు చదువు రాదు, అక్కడ నవ్వుతారు" అంది మూడో ఆమె. ఈ మూడు మాటల్లోనే కథంతా ఉంది. తల్లులకి పిల్లల మీద శ్రద్ధ లేక కాదు, సమావేశం తల్లుల వీలు చూసి పెట్టక.

సాయంత్రం ఆరున్నరకి పెట్టమని అడిగాం. హెడ్మిస్ట్రెస్‌గారు ఊళ్ళోనే ఉంటారు గనక ఒప్పుకున్నారు. పదకొండు మంది తల్లులొచ్చారు. పొదుపు సంఘంలో లెక్కలు రాసే ఆమె రిజిస్టరు పైకి చదివింది. చదువు రాని ఆమే అందరికంటే ముందు అడిగింది, "మోటారు రిపేరుకి ఎంతవుద్దండీ?" అని. గ్రాంటులో పరిశుభ్రత కింద మిగిలిన డబ్బుకి ఊళ్ళో కొంత కలిపితే సరిపోయింది. వారం తిరిగేసరికి ఆడపిల్లల మరుగుదొడ్లో కుళాయి వచ్చింది. తలుపు గడియ ఇంకా సరిగా పడడం లేదు, దాని వెంట పడుతున్నాం.

అడగాల్సినవి నాలుగే

మీ బడి కమిటీలో మీరున్నా లేకపోయినా ఇవి అడగండి. ఒకటి, కమిటీ సభ్యుల పేర్లు, ఈ ఏడాది వచ్చిన గ్రాంటు, అయిన ఖర్చు అందరికీ కనిపించేలా గోడ మీద రాయించమనండి. రెండు, సమావేశం కూలికీ వంటకీ అడ్డు రాని వేళకి పెట్టమనండి. మూడు, తీర్మానం పైకి చదివాకే సంతకాలు. నాలుగు, భర్తో మరిదో మీ బదులు వెళితే ఒప్పుకోకండి. ఎన్నికైంది మీరు.

అక్షరాలు దిద్దుకుంటూ సారా దుకాణాలు మూయించిన దూబగుంట ఆడవాళ్ళు పుట్టిన నేల ఇది. 1990ల్లో వాళ్ళు చేసిన దాని ముందు ఒక రిజిస్టరు చదవడం ఏపాటి పని?

మొన్న మళ్ళీ పిల్లలు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. అలవాటు ఒక్క రోజులో పోతుందా! "కూర్చోండర్రా" అని చెరో దోసె పెట్టి, నాలుగు పేజీలూ చదివాను. ఒక చోట సంతకం పెట్టాను. రెండో చోట పెట్టలేదు. ఆ విషయం శనివారం సాయంత్రం సమావేశంలో మాట్లాడదామని మేడంగారికి చీటీ రాసి పంపాను.