జాసూస్ ఎవరు?

మా పెద్దోడిని వాళ్ల క్లాన్ నుంచి తీసేశారు. రెండు నెలల కిందట, జుమా రోజు. పిలకాయల ఆటే కదా, ఒకదాంట్లోంచి తీసేస్తే ఇంకోదాంట్లో చేరతాడులే అనుకున్నా. వాడు ఆ మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నాడు గానీ ముద్ద ముట్టలేదు. వాడి మీద పడిన ఇల్జామ్ చిన్నది కాదు. ఖియానత్. లోపలి రాజ్ బయటపెట్టాడని.

ఆ ఖియానత్ చేసింది వాడు కాదు, నేను. అందుకే ఇది రాస్తున్నా.

క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే ఆట మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటుంది. ఫిన్లాండ్‌లోని సూపర్‌సెల్ అనే కంపెనీ 2012లో తెచ్చింది. ప్రతివాడికీ ఒక ఊరు, చుట్టూ గోడలు, ఫిరంగులు. ఎక్కువలో ఎక్కువ యాభై మంది కలిస్తే ఒక క్లాన్. అందులో లీడర్, కో-లీడర్, ఎల్డర్, మామూలు మెంబర్ అని దర్జాలు. 2014లో క్లాన్ వార్‌లు వచ్చాయి. ఒక రోజు తయారీ, మరుసటి రోజు జంగ్. మనిషికి రెండు దాడులు. మూడు నిమిషాల్లో ఎదుటివాడి ఊరు కూల్చాలి. నీ దాడులు వాడకుండా నిద్రపోతే నష్టం నీ ఒక్కడికి కాదు, క్లాన్ మొత్తానికి.

మన పెద్దలు దీన్నీ రమ్మీనీ ఒకే గాటన కట్టేస్తారు. 'అంతా జూదమే, హరామ్' అని ఒక మాట అనేసి చేతులు దులుపుకుంటారు. రమ్మీ, పోకర్ లాంటి డబ్బు పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలను ఒక పక్కకు, ఈ-స్పోర్ట్స్‌ను, ఊరికే ఆడుకునే ఆటలను ఇంకో పక్కకు పెట్టింది. సర్కారు గీసిన ఆ గీతను మనం ఇంట్లో గీయలేకపోతున్నాం. అలాగని ఈ ఆటలో అంతా ఖైరియత్ అని నేను అనను. అర్ధరాత్రి దాడి చేసి ఫజర్ ఖజా చేసుకునే పిలకాయలు నాకు తెలుసు. గేమ్‌లో రత్నాలు కొనడానికి అమ్మీ ఫోన్‌లోంచి డబ్బు కొట్టేసేవాళ్లూ తెలుసు. ఓడినప్పుడు వాళ్ల నోట వచ్చే తిట్లు ఇక్కడ రాయలేను.

ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని కదా, మావాడు ఫోన్ పట్టుకున్నప్పుడల్లా ప్రేమ్‌చంద్ 'శత్రంజ్ కే ఖిలాడీ' ఎత్తుకునేవాణ్ని. అవధ్ రాజ్యం చేజారిపోతుంటే కదలని ఇద్దరు లక్నో అమీర్లు, చదరంగం దగ్గర మాటా మాటా పెరిగి, ఖాందాన్ ఇజ్జత్ కోసం కత్తులు దూసుకుని చచ్చిపోతారు. మావాడు ఓపిగ్గా విని, 'ఇద్దరే కదబ్బా, మేము యాభై మందిమి' అనేవాడు.

వాళ్ల క్లాన్‌లో ఎక్కువమంది తిరుపతి పిలకాయలు. చిత్తూరు పిలకాయల క్లాన్ ఒకటుంది, దాంతో రఖాబత్. 2022 ఏప్రిల్‌లో జిల్లా ముక్కలయ్యాక ఈ పోటీకి ఇంకాస్త కారం పడింది. ముందే మాట్లాడుకుని పెట్టుకునే యుద్ధాన్ని ఆటలో ఫ్రెండ్లీ వార్ అంటారు. పేరుకే ఫ్రెండ్లీ. ఒకసారి చిత్తూరు వాళ్లు ఇంకో అకౌంట్‌తో ఒక జాసూస్‌ను వీళ్ల క్లాన్‌లోకి పంపారు. ఎవరి మీదికి ఎవరు వెళ్తారు, ఎవరి క్యాసిల్‌లో ఏ దళం దాచారు, అన్నీ వాడు చాట్‌లో చదివేశాడు. వీళ్లు చిత్తుగా ఓడారు. మావాడికి కోపం వచ్చిందేమోనని చూస్తే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మరుసటి నెల, జాసూస్ ఇంకా లోపలే ఉన్నాడని తెలిసి కూడా తెలియనట్టు నటించి, చాట్‌లో దొంగ ప్లాన్ రాసి చిత్తూరు వాళ్లను ఓడించారు. ఇది చాల్. ఎదుటివాడు కూడా మెచ్చుకునే చాల్.

ఆ రోజుల్లోనే మేమిద్దరం చిత్తూరులో ఒక వలీమాకు బస్సులో పోతున్నాం. ఊరు దగ్గర పడుతుంటే నేను మళ్లీ పాఠం మొదలుపెట్టా, ఈసారి హైదర్ అలీ. చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దండులో 1782 డిసెంబరు 7న ఆయన ఇంతెకాల్ అయ్యాడు. వీపు మీద రాచపుండు. ఇంగ్లీషు వాళ్లతో జంగ్ నడుస్తోంది, టిప్పు ఎక్కడో మలబారు తీరాన ఉన్నాడు. ఖబర్ పొక్కితే దండు చెదిరిపోతుంది. అందుకని పూర్ణయ్య లాంటి మంత్రులు, నమ్మకమైన సర్దార్లు కలిసి నోరు కట్టేసుకున్నారు. మయ్యత్‌ను ఖజానా పెట్టెలాగా కోలారుకు సాగనంపారు. టిప్పు సోదరుణ్ని గద్దె ఎక్కిద్దామని కుట్ర చేసినవాళ్లు దొరికిపోయారు. టిప్పు వచ్చేదాకా దండు నిలిచింది. బ్రాహ్మణ మంత్రి, ముసల్మాన్ సర్దార్, ఇద్దరి దగ్గరా ఒకే అమానత్.

మావాడు కిటికీలోంచి చూస్తూ, 'అంటే క్లాన్ చాట్ లీక్ కాలేదన్నమాట' అన్నాడు.

నేను నవ్వాను. కానీ అంతకు నాలుగు రాత్రుల ముందే నేను ఆ చాట్ చదివి ఉన్నాను. వాడు పడుకున్నాక ఫోన్ తీశాను. స్క్రీన్ మీద వేలు ఎట్ల తిప్పుతాడో ఎప్పుడో చూసి పెట్టుకున్నా. వాట్సాప్‌లో వాళ్ల గ్రూపు ఉంది. పాడు మాటలు ఏమైనా ఉంటాయేమోనని వెతికా. దొరికింది వేరే. చిత్తూరు నుంచి వచ్చి తిరుపతి హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే ఒక పిలకాయ, రెండు సబ్జెక్టులు పోయాయని, ఇంట్లో చెప్పలేదని, సప్లిమెంటరీ ఫీజుకు డబ్బు లేదని రాశాడు. మిగతావాళ్లు తలా యాభై, వంద వేసి ఫీజు కట్టారు. లీడర్ ఒక్క లైన్ రాశాడు, ఈ మాట క్లాన్ దాటకూడదని. కింద అందరూ సరేనన్నారు. మావాడు కూడా.

ఆ పిలకాయ వాలిద్ నాకు ఎరుక. ఆ వలీమాలో నా పక్కనే కూర్చున్నాడు. 'మీవాడి చదువు కాస్త చూసుకో భాయ్' అని మొదలుపెట్టి అంతా చెప్పేశాను. నియ్యత్ మంచిదేనని అప్పుడు నాకు నేను చెప్పుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే, నాకు తెలిసింది ఆయనకు తెలియదన్న చిన్న మజా కూడా అందులో కలిసి ఉంది. జర్నలిస్టు జబ్బు.

ఆ రాత్రే ఆ పిలకాయకు దెబ్బలు పడ్డాయి. ఫోన్ గోడకేసి కొట్టారు. తర్వాత క్లాన్‌లో ఆరా తీశారు. ఆ ఖాందాన్‌తో పరిచయం ఉన్నది మావాడికి ఒక్కడికే. అడిగితే వీడు నోరు విప్పలేదు. తీసేశారు.

'మా అబ్బా నా ఫోన్ చూశాడు' అని ఒక్క లైన్ రాసి ఉంటే వాడి ఇజ్జత్ దక్కేది. రాయలేదు. నేను అడిగితే, 'రాస్తే నీ గురించి ఏమనుకుంటారు?' అన్నాడు. దొంగ ప్లాన్‌లు అల్లే ఆ నోరే నా రాజ్ దాచింది.

హజ్రత్ హుజైఫా (రజి) గురించి జుమా ఖుత్బాల్లో వింటూనే ఉంటాం. ఖందఖ్ యుద్ధంలో గాలివాన రాత్రి దుష్మన్ దండులోకి వెళ్లి ఖబర్ తెచ్చింది ఆయనే. మునాఫిఖుల పేర్లను రసూలుల్లాహ్ (స) అమానత్‌గా అప్పజెప్పిందీ ఆయనకే. ఆ పేర్లలో నా పేరుందా అని స్వయానా హజ్రత్ ఉమర్ (రజి) అడిగితే, లేదని చెప్పి, మీ తర్వాత ఇంకెవరికీ ఈ మాట కూడా చెప్పనన్నారట. జంగ్‌లో దుష్మన్ మీద జాసూసీ చేసిన మనిషే, తనను నమ్మి చెప్పిన మాటను ఖలీఫా అడిగినా విప్పలేదు. ఆ తేడా మావాడికి ఆటలో తెలిసింది. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ తెచ్చుకుని, ఇరవై ఏళ్లుగా ఖబర్లు రాస్తున్న నాకు ఇంట్లో తెలియలేదు.

'మరి పిలకాయలను గాలికి వదిలేయమంటావా?' అని మా బావమరిది తగువేసుకున్నాడు. అనను. చిన్నపిల్లల ఫోన్ చూడాలి, డబ్బు ఎక్కడికి పోతోందో చూడాలి, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎవరు మాట్లాడుతున్నారో చూడాలి. కానీ చూస్తానని ముందే చెప్పి, పక్కన కూర్చోబెట్టుకుని చూడాలి. అది నిగ్రానీ. పడుకున్నాక తీస్తే అది తజస్సుస్. సూరా హుజురాత్ 12వ ఆయత్‌లో దాన్ని, గీబత్‌ను ఒకే చోట మనా చేశాడు అల్లాహ్. నేను నాలుగు రోజుల తేడాతో రెండూ చేశాను. ఫోన్ తెరిస్తే మన పిల్లల సంగతి ఒక్కటే కనబడదు, వాళ్లను నమ్మిన యాభై మంది సంగతీ కనబడుతుంది. ఆ యాభై మంది మనకు ఇజాజత్ ఇవ్వలేదు.

వారం ఆగి లీడర్‌కు ఫోన్ చేశాను. ఇరవై ఒక్క ఏళ్లవాడు, సెల్‌ఫోన్ రిపేరు అంగట్లో పని. అంతా చెప్పి, తప్పు నాది, మావాడిది కాదన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'మీరు పెద్దోళ్లు సార్, మీరే చెప్పినారు కాబట్టి తీసుకుంటాం' అన్నాడు. 'కానీ ఎల్డర్‌గా కాదు సార్, మెంబర్‌గానే. ఫోన్ జాగ్రత్తగా పెట్టుకోకపోవడం వాడి తప్పే.'

మావాడికి చెబితే, సరిగ్గానే ఉందన్నాడు. ఫోన్‌కు కొత్త ప్యాటర్న్ పెట్టుకున్నాడు. వేలు తిప్పేటప్పుడు నేను అటు తిరుగుతున్నా. దెబ్బలు తిన్న పిలకాయ సప్లిమెంటరీలో పాసయ్యాడట. మాఫీ అడుగుతూ అతనికి పంపిన మెసేజ్ కింద రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.