ఆరంకెల ఊరు.. అయిదంకెల పంపు

మేడ్చల్‌లో నాగ్‌పూర్ హైవే మీద ఏ బంకుకైనా పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్లి చూడండి. కాలేజీ బ్యాగులతో బైకులు వరసకట్టి ఉంటాయి. ‘అన్నా, వంద కొట్టు’ అంటాడు ఒకడు. ‘జీరో చూస్కో తమ్మీ’ అంటాడు పైపు పట్టుకున్నాయన. ఫోన్ తీసి స్కాన్ చేయగానే పక్కనున్న డబ్బా వంద రూపాయలు వచ్చాయని గట్టిగా చెప్తుంది. మొత్తం ఒక నిమిషం. ఇందులో ఆలోచించాల్సింది ఏముందని ఎవరికీ అనిపించదు. నాకూ అనిపించలేదు, అమెరికాలో ఒక బంకు దగ్గర ఇరవై నిమిషాలు దిక్కులు చూసేదాకా.

నాది మేడ్చలే. ఎనిమిదేళ్లుగా గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసులో కార్డు లావాదేవీల తగాదాలు చూసే పని. ‘నా డబ్బు కట్ అయింది, సరుకు రాలేదు’ అని ఎక్కడో ఎవరో ఫిర్యాదు చేస్తే, ఆ లావాదేవీ ఏ దారిలో వెళ్లిందో వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. పోయినేడాది న్యూజెర్సీలో ఉండే మా అక్క దగ్గరికి టూరిస్టు వీసా మీద వెళ్లాం. బావకి సెలవు దొరకలేదు. ఆర్టీఏలో తీసుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చేతిలో ఉంది కదా అని కారు అద్దెకు తీసుకుని నేనూ మా ఆవిడా నయాగరా బయల్దేరాం.

న్యూజెర్సీలో ఇబ్బందే లేదు. అక్కడ మన పెట్రోలు మనమే కొట్టుకోవడం చట్టరీత్యా కుదరదు, 1949 నుంచీ అంతే. ఒకాయన వచ్చి అద్దం దగ్గర నిలబడి కార్డు తీసుకుని, కొట్టి, రసీదు ఇచ్చి పంపిస్తాడు. అచ్చం మన మేడ్చల్. రెండు గంటల తర్వాత పెన్సిల్వేనియాలో ఆగాం. అక్కడ మనిషి లేడు. పంపు, దానికో తెర, మీటలు. కార్డు పెట్టాను. జిప్ కోడ్ కొట్టమంది.

నాకు తెలిసిన కోడ్ ఒకటే, మా ఊరి పిన్‌కోడ్ 501401. అయిదో అంకె నొక్కగానే తెర మారిపోయింది, ఆరో అంకెకి చోటే లేదు. కాసేపాగి, లోపలున్న క్యాషియర్‌ని కలవమంది. తర్వాత తీరిగ్గా వెతికితే తేలిందేంటంటే, 50140 అంటే అయోవా రాష్ట్రంలో లమోనీ అనే చిన్న ఊరట. మేడ్చల్‌కి ఒక్క అంకె దూరంలో లమోనీ. ఆ క్షణాన మాత్రం నవ్వు రాలేదు. వెనక ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. మా ఆవిడ అద్దం దించి ‘ఏమైందండీ?’ అంది. కార్డు తీసుకోవట్లేదన్నాను. ‘మీరు చేసే ఉద్యోగం అదే కదా’ అంది.

నిజమే. కార్డు ఎందుకు తిరస్కరణ అయిందో కోడ్ చూసి చెప్పగలను. కానీ ఆ కోడ్‌కి ఇవతల, ఎండలో, పైపు చేత్తో పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడని ఎనిమిదేళ్లలో ఒక్కసారీ నా ఊహకి రాలేదు.

అసలు సంగతి ఇదీ. అమెరికాలో పంపు దగ్గర కార్డు పెట్టిన మనిషి దాని అసలు యజమానేనా అని తేల్చడానికి చిరునామా అడుగుతారు. మీరు కొట్టిన జిప్‌ని, బ్యాంకు రికార్డులో బిల్లు వెళ్లే చిరునామా జిప్‌తో పోల్చి చూస్తారు. అక్కడ జిప్ కోడ్‌లు 1963లో వచ్చాయి, మన పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న. వాళ్లకి అయిదంకెలు, మనకి ఆరు. పైగా మన బ్యాంకులు ఆ పోలిక పద్ధతి మీద ఆధారపడవు. ఇక్కడ మన గుర్తింపు నాలుగంకెల పిన్, లేదంటే ఓటీపీ. అంటే అటువైపు అడిగిన ప్రశ్నకి ఇటువైపు జవాబిచ్చే ఏర్పాటే లేదు. పంపు తప్పూ కాదు, కార్డు తప్పూ కాదు. రెండు దేశాలు ఒకే దొంగకి రెండు రకాల తాళాలు చేయించుకున్నాయి.

దొంగ అని ఊరికే అనలేదు. అమెరికాలో కార్డు సమాచారం దొంగిలించేవాళ్లకి పెట్రోలు పంపులు ఇష్టమైన చోటు. మనిషి ఉండడు, రాత్రిళ్లు నిర్మానుష్యం, కార్డు దూర్చే చోట చిన్న పరికరం తగిలించి వెళ్లిపోతే చాలు. దుకాణాల్లో చిప్ మెషిన్లు వచ్చాక కూడా పంపులు మాత్రం చాలాకాలం గీకుడు మీదే నడిచాయి. పంపుల్లో చిప్ పెట్టకపోతే మోసం నష్టం బంకువాళ్లే భరించాలన్న నిబంధనకి మొదట 2017 అక్టోబరు గడువు. దాన్ని 2020కి జరిపారు. చివరికి 2021 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది.

సరే, లోపలికి వెళ్లాను. క్యాషియర్ అడిగింది రెండే ముక్కలు: ఏ పంపు, ఎంత? మొదటిది చెప్పగలిగాను. రెండోదానికే నోరు పెగల్లేదు. గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు, అద్దె కారు ట్యాంకులో ఇంకెంత పడుతుందో నాకేం తెలుసు? నలభై డాలర్లన్నాను. ముప్ఫయ్యొక్క డాలర్లకే ట్యాంకు నిండిపోయింది. మిగతాది వెనక్కి వచ్చింది.

‘ఎంత?’ అన్న ఆ ప్రశ్న దగ్గరే అసలు కథంతా ఉంది. కిరాణా కొట్టులో బిల్లయ్యాక డబ్బు కడతాం. పంపు దగ్గర కార్డు పెట్టేటప్పటికి బిల్లే పుట్టలేదు. ఎంత కొట్టుకుంటామో మనకీ తెలీదు, యంత్రానికీ తెలీదు. అందుకని అది ముందు బ్యాంకుని అడుగుతుంది: ‘ఈయన దగ్గర ఫలానా మొత్తం వరకు ఉందా? ఉంటే పక్కన పెట్టు.’ కొన్నిచోట్ల ఒక్క డాలర్‌తో పలకరించి ఊరుకుంటారు. కొన్నిచోట్ల ఏకంగా పెద్ద మొత్తమే ఆపేస్తారు. వీసా, మాస్టర్‌కార్డ్ ఈ గరిష్ఠ పరిమితిని 2022లో 125 డాలర్ల నుంచి 175కి పెంచాయి. ఆ ఏడాది చమురు ధర అలా మండింది మరి. కొట్టడం అయ్యాక అసలు మొత్తం ఎంతో చెబుతూ ఇంకో సందేశం వెళ్లాలి. అది వెళ్లి, బ్యాంకు దాన్ని మొదటిదానితో జత చేసేదాకా ఆపిన డబ్బు ఆగే ఉంటుంది. గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. యూపీఐతో ఐపీఓకి అప్లై చేసినప్పుడు ఖాతాలో డబ్బు బ్లాక్ అవడం మీలో కొందరు చూసే ఉంటారు. ఆలోచన అదే.

క్రెడిట్ కార్డైతే ఇది లిమిట్‌లో తాత్కాలికంగా పడే కోత. డెబిట్ కార్డో, ఫారెక్స్ కార్డో అయితే అచ్చంగా మన డబ్బే. రెండు వందల డాలర్లున్న ఫారెక్స్ కార్డు పంపులో పెట్టారనుకోండి, 175 అక్కడే ఆగిపోవచ్చు. ముప్ఫై డాలర్ల పెట్రోలు కొట్టించి, ఆ రాత్రి మోటెల్‌లో కార్డు ఇస్తే ‘డిక్లైన్’. డబ్బు పోలేదు, ఖాతాలోనే ఉంది, కానీ ముట్టుకోవడానికి లేదు. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో మొదటిసారి వెళ్లిన తల్లిదండ్రులకి ఇది జరిగితే, మోసపోయామనే అనుకుంటారు.

వెళ్లేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తా. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకోండి. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఇస్తారు. అక్కడికెళ్లాక ఆన్ చేద్దామంటే ఓటీపీ మన సిమ్‌కి వస్తుంది, ఆ సిమ్‌లో రోమింగ్ ఉండదు. పంపు దగ్గర ట్యాప్ చేసే గుర్తుంటే ముందు అది ప్రయత్నించండి, లేదంటే నేరుగా లోపలికెళ్లి ముందే కట్టేయండి. రూపాయల్లో కడతారా అని అడిగితే డాలర్లే అనండి, వాళ్లు వేసే మారకం రేటు మనకి గిట్టదు. యాభై డాలర్ల నగదు జేబులో ఉంచుకోండి. బ్రిటన్, జర్మనీల్లో ముందు కొట్టుకుని తర్వాత లోపలికెళ్లి కట్టడం మామూలే. అన్నట్టు బ్రిటన్‌లో పచ్చ పైపు పెట్రోలు, అమెరికాలో చాలాచోట్ల పచ్చదే డీజిల్. ఈ ఒక్కటి పొరబడితే కార్డు గొడవంతా చిన్నదైపోతుంది. యూపీఐ ఉందిగా అనుకోవద్దు. భూటాన్‌కి 2021లో వెళ్లింది, ఈఫిల్ టవర్ టికెట్ల దగ్గరికి 2024లో చేరింది. పెన్సిల్వేనియా పంపు ఇంకా దూరమే.

ఉద్యోగాల పేజీలో ఈ టూరు కబుర్లేంటని మీకు అనిపిస్తుండొచ్చు. వస్తున్నా.

డబ్బు కట్టే వ్యవస్థల్లో హైదరాబాద్‌ది చిన్న చెయ్యి కాదు. దేశంలో ఏ బ్యాంకు కార్డునైనా ఏ ఏటీఎంలోనైనా పెట్టగలుగుతున్నామంటే కారణమైన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ని 2004లో మొదలుపెట్టింది మాసాబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. 2009లో అది ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది. జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, హెచ్‌ఎస్‌బీసీ లాంటి బ్యాంకులకి ఇక్కడ పెద్ద ఆఫీసులున్నాయి. ఆ పంపుకీ నా బ్యాంకుకీ మధ్య నడిచే సందేశాల్లాంటివి రాసేవాళ్లు, పరీక్షించేవాళ్లు, తగాదా వస్తే తవ్వేవాళ్లు ఈ ఊళ్లోనే వేలల్లో ఉన్నారు.

మా దగ్గరికి వచ్చే ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో నేనూ అప్పుడప్పుడు కూర్చుంటాను. చాలా రెజ్యూమెల్లో ‘పేమెంట్ గేట్‌వే ప్రాజెక్ట్’ ఉంటుంది. అమెరికా నుంచి వచ్చాక నేను ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టాను: ‘డబ్బు కట్టే సమయానికి బిల్లు ఎంతో తెలియకపోతే నీ ప్రాజెక్ట్ ఏం చేస్తుంది?’ నూటికి తొంభై మంది దగ్గర మౌనం. కొందరు అలాంటి సందర్భమే ఉండదంటారు. పొద్దున్నే ట్యాంకు ఫుల్ చేయించుకుని ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడే ఆ మాట అంటాడు.

ఒకమ్మాయి మాత్రం చెప్పింది. శామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి మీద ఒక బంకులో వాళ్ల నాన్న క్యాషియర్. నల్సార్, బిట్స్, జీనోమ్ వ్యాలీ బోర్డుల పక్కనుంచే రోజూ బస్సులో మేడ్చల్ వైపు కాలేజీకి వెళ్లొచ్చేది. రాత్రి స్వైపింగ్ మెషిన్ సెటిల్‌మెంట్ కొట్టకపోతే ఆ రోజు డబ్బు ఖాతాలో పడదని, పంపు రీడింగుకీ స్లిప్పుల మొత్తానికీ తేడా వస్తే వాళ్ల నాన్న ఒక్కో స్లిప్పు పట్టుకుని వెతుకుతాడని చెప్పింది. మెషిన్ ‘ఫెయిల్’ అని చూపించినా కస్టమర్ ఖాతాలో కట్ అయిన సందర్భాలు, వాటి మీద బంకులో జరిగే గొడవలు చెప్పింది. నోట్ల రద్దు తర్వాత 2017 జనవరిలో డీలర్లు ‘రేపట్నుంచి కార్డులు తీసుకోం’ అని ప్రకటించి, అంతలోనే వాయిదా వేసుకున్న సంగతి కూడా. ‘ఎందుకు?’ అన్నాను. ‘గీకినందుకు ఒక శాతం బ్యాంకు డీలర్ దగ్గర పట్టుకుంటానంది సార్. లీటర్ మీద కమీషన్ ఫిక్సు, దాంట్లోంచి ఇస్తే మిగిలేదేంది?’ అంది. నేను ఎనిమిదేళ్లలో నేర్చుకున్నదాంట్లో సగం ఆ పిల్లకి ఇంటి దగ్గరే తెలుసు.

ఆమెని మేం తీసుకోలేదు. ఇంగ్లిష్ సాఫీగా లేదని ప్యానెల్‌లో ఇద్దరన్నారు. నాకంటే ముందు అడిగిన ప్రశ్నలకి, అంటే పుస్తకంలో ఉన్నవాటికి, తడబడిందన్నారు. నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది, పట్టుబట్టలేదు. తప్పు మాదే అని ఇప్పటికీ అనుకుంటున్నా. ఆమె రెజ్యూమెలో మాత్రం బంకు ముచ్చట ఒక్క లైను కూడా లేదు. అందరిలాగే పేమెంట్ గేట్‌వే ప్రాజెక్ట్ ఉంది, అందరిలాగే ఎక్కడో దించుకున్నది. నాన్న ఉద్యోగం గురించి చెప్తే చులకనవుతానని ఎవరో చెప్పి ఉంటారు.

కోడింగ్ టెస్టు, ఆప్టిట్యూడ్ దాటకుండా ఈ ముచ్చట్లు ఎవరు వింటారు సార్ అని మీరడగొచ్చు. న్యాయమే. మొదటి జల్లెడ అదే, దాన్ని కాదనను. కానీ జల్లెడ దాటిన ఇరవై మందీ ఒకే జవాబులు చెప్తున్నప్పుడు, ఒక్క లావాదేవీనైనా మొదటినుంచి చివరిదాకా వెంటాడి చూసినవాడు వెంటనే తెలిసిపోతాడు. దానికి అమెరికా వెళ్లక్కర్లేదు. కోర్సూ కొనక్కర్లేదు. కార్డు సందేశాలకి ఐఎస్ఓ 8583 అనే ప్రమాణం ఉంది. అడిగే సందేశానికి 0100, జవాబుకి 0110, వెనక్కి తిప్పడానికి 0400. బ్యాంకు ఇచ్చే రెండక్షరాల జవాబు 39వ గడిలో కూర్చుంటుంది: 00 అంటే సరే, 51 అంటే డబ్బు చాలదు. మనిషి లేని పంపుకి 5542 అని వేరే వ్యాపార కోడ్ ఉంది, మనిషి ఉన్న బంకుకి 5541. ఇవి బట్టీ పట్టమని చెప్పట్లేదు. మీ ఫోన్‌లో ఫెయిలైన ఒక పేమెంట్ తీసుకుని, అది ఏ మెట్టు దగ్గర ఆగి ఉంటుందో, డబ్బు ఎవరి దగ్గర ఉండి ఉంటుందో కాగితం మీద గీసి చూడండి. మొదటిసారి తప్పుగానే గీస్తారు, నేనూ అలాగే గీశాను.

ఇంకో పని కూడా చేయొచ్చు. మీ ఊరి బంకులో రాత్రి షిఫ్టు మారేటప్పుడు వెళ్లండి. కాసేపు రద్దీ తగ్గుతుంది. క్యాషియర్ మెషిన్‌లో సెటిల్‌మెంట్ నొక్కితే పొడుగాటి కాగితం బయటికొస్తుంది. పంపు రీడింగులు రాసిన పుస్తకం పక్కన పెట్టుకుని, పెన్నుతో ఒక్కో లైనూ కొట్టేస్తూ కూర్చుంటాడు. మర్యాదగా అడిగితే పక్కన నిలబడనిస్తారు. లెక్క తేలలేదనుకోండి, ఆ రాత్రి ఇంకా ఎక్కువ నేర్చుకుంటారు.